సంచి తీస్తామంటే, ఇంకో డాక్టరును అడుగుదాం

(అంబేడ్కర్ భవన్‌లో జరిగిన వాడ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఇంతవరకూ వేదికెక్కని సంగతి ఇవాళ మాట్లాడుకోబోతున్నాం. భూమి గురించి మాట్లాడాం. శ్మశానం దారి గురించి మాట్లాడాం. హాస్టలు బియ్యంలో పురుగుల గురించి కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. మన ఆడవాళ్ళ పొట్టమీది కోత గురించి మాత్రం ఒక్కనాడూ మాట్లాడలేదు. అది ఆడోళ్ళ సంగతి, సిగ్గు సంగతి అని గుసగుసలుగా చెప్పుకుని వదిలేశాం. అన్నలు ఉండబట్టలేక బయటికి పోవద్దు. మీరే ఎక్కువ వినాల్సింది, ఎందుకంటే ఆసుపత్రిలో సంతకం పెట్టి వస్తున్నది మీరే.

గర్భసంచి ఆపరేషన్ గురించి చెబుతున్నాం. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది: 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. దేశంలో అన్నిటికన్నా పైన ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయని అదే సర్వే చెబుతోంది. మరి మన ఆడవాళ్ళ గర్భసంచులు బీహారు ఆడవాళ్ళ సంచుల కంటే, కేరళ ఆడవాళ్ళ సంచుల కంటే అంత పాడైపోయాయా? ఒక్క నీళ్ళకో ఒక్క తిండికో ఇంత తేడా రాదు. తేడా ఆసుపత్రిలో ఉంది. డబ్బు దారిలో ఉంది.

ఆ దారి ఎట్లా సాగుతుందో మీ అందరికీ తెలుసు, మేం కొత్తగా చెప్పేదేం లేదు. మిరప కోతల్లోనో పత్తి తీతల్లోనో నడుం నొప్పి పుడుతుంది. తెల్లబట్ట అవుతుంది. ముట్టు పది రోజులైనా ఆగదు. ముందు ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి పోతాం. ఆయన రెండు సూదులు వేసి, తగ్గకపోతే "టౌనులో మనకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, నేనే తీసుకుపోతా" అంటాడు. మనం అది పెద్ద ఉపకారం అనుకుంటాం. ఉపకారానికి కమీషన్ ఉంటుందని మనకెవరూ చెప్పరు. అక్కడ స్కానింగ్ తీస్తారు. "సంచి వాచింది", "సంచి మూతి పుండు పడింది", "గడ్డలున్నాయి", చివరికి అందరినీ పడగొట్టే మాట, "ఇంకో ఆర్నెల్లు ఆగితే కేన్సరు". ఆ మాట విన్నాక ఏ మొగుడు నిలబడతాడు? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు, చెవుల కమ్మలు. సోమవారానికి ఆపరేషన్. తీసిన సంచిని బేసిన్‌లో పెట్టి మొగుడికి చూపిస్తారు. చూసి దణ్ణం పెట్టి వస్తాడు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడికి కార్పొరేటు ఆసుపత్రి గుమ్మం తెరిచింది, ఆ మంచి కాదనం. గుండె ఆపరేషన్లయి బతికిన పిల్లలు మన వాడలోనూ ఉన్నారు. కానీ ప్యాకేజీ ఉన్నచోట ప్యాకేజీ కోసం జబ్బు వెతికే ఆసుపత్రులూ పుట్టాయి. సంచి ఆపరేషన్లు ఇష్టమొచ్చినట్టు చేస్తున్నారన్న గొడవ లేచాక ప్రభుత్వమే వీటికి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఆ గొడవ ఊరికే లేవలేదు. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి అని భార్యాభర్తలు, ఇద్దరూ డాక్టర్లే, మెదక్ జిల్లా పల్లెలు తిరిగి సంచి తీయించుకున్న ఆడవాళ్ళతో మాట్లాడి బయటపెట్టారు. డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టొద్దని చెప్పడానికే ఈ పేర్లు చెబుతున్నాం.

అయితే ఒక ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. గేదెను కొనబోతే నలుగురిని అడుగుతాం. పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, పక్కూరి మామను పిలిపించి చూపిస్తాం. కడుపు కోయించుకోబోతే ఒక్క మనిషి మాట విని పడుకుంటాం. ఎందుకు?

తెలివి లేక కాదు. డాక్టరును ఇంకో మాట అడగడం మన నోటికి అలవాటు లేదు. ఏ ఊరమ్మా అంటే చెబుతాం, ఊళ్ళో ఎక్కడ అంటే కాలనీ అంటాం, అక్కడితో మన కులం చీటీమీద రాయకుండానే రాసినట్టవుతుంది. ఆ తర్వాత "నువ్వు" తప్ప "మీరు" ఉండదు. ప్రశ్న వేస్తే "నీకేం తెలుసు, డాక్టరువా?" అంటారు. మా ఇంట్లో పలక పట్టినవాళ్ళలో మేమే మొదటి తరం. డిగ్రీ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పే మాకే ఆ గదిలో గొంతు పెగలదు. ఇక వేలిముద్ర వేసే అమ్మ ఏం అడుగుతుంది?

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే రచనలో ఒక సంగతి చెప్పారు. 1929లో కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు, తన బాధ రాసిన ఉత్తరం అది. ఆయన భార్య ప్రసవించి జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దమనుషులు చెప్పాక వచ్చాడు గానీ ఆమెను వాడ బయటికి తీసుకురమ్మన్నాడు. బాలింతను అట్లాగే తీసుకొచ్చారు. జ్వరం చూసే గొట్టాన్ని డాక్టరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో గొట్టం చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు. మనిషిని ముట్టుకోకుండా జబ్బు పేరు చెప్పాడు చూడండి, ఆ పంతులుకు ఇంకో డాక్టరును పిలిచే దారి లేదు. ఇప్పుడు ముట్టుకోమని అనేవాళ్ళు లేరు. ముట్టుకుని కోసేస్తున్నారు. కానీ చాలా చోట్ల ఇప్పటికీ మన ఆడమనిషిని సరిగా పరీక్ష చెయ్యకుండా, స్కానింగ్ కాయితం ఒక్కటి చూసి తారీకు వేస్తున్నారు. ఆ పంతులుకు లేని దారి మనకు ఉంది కాబట్టే ఈ సభ.

ఆ దారికి చట్టం దన్ను కూడా ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. అందులో 17 హక్కులున్నాయి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం అందులో ఒక హక్కు. మన రిపోర్టులు మనకివ్వడం ఇంకొకటి. రిపోర్టుల సంగతి అంతకు ముందే, 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. రోగి గానీ రోగి తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇచ్చి తీరాలి. "ఫైలు మా దగ్గరే ఉంటుందమ్మా, నీకెందుకు" అంటే ఈ మాట చెప్పండి. స్కానింగ్‌కు డబ్బులు కట్టింది మనం, కాయితం వాళ్ళదెట్లా అవుతుంది?

సంతకం సంగతి కూడా అంతే. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆమె ముట్టు ఆగడం లేదని డాక్టరు దగ్గరికి పోయింది. లోపల ఏముందో గొట్టం పెట్టి చూస్తామంటే సరే అని మత్తు తీసుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది: పరీక్షకు ఒప్పుకుంటే కోతకు ఒప్పుకున్నట్టు కాదు, తెలివి వచ్చాక ఆమెనే అడగాలి, ప్రాణం మీదికొచ్చిన సందర్భమైతే తప్ప తల్లి సంతకం చెల్లదు. ఇప్పించిన పరిహారం 25 వేలే. డబ్బు తక్కువే, మాట పెద్దది. కన్నతల్లి సంతకమే చెల్లనప్పుడు మొగుడి సంతకం ఎట్లా చెల్లుతుంది అన్నలారా? మళ్ళీ 2023 ఏప్రిల్‌లో, అవసరం లేకుండా సంచులు తీసేస్తున్నారన్న కేసులో, దీన్ని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ కేసు బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ సంగతులతో మొదలైంది. దెబ్బతిన్నవాళ్ళు ఎక్కువగా ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆడవాళ్ళేనని ఆ పిటిషన్ చెప్పింది. వినగానే మన వాడే గుర్తొచ్చింది మాకు.

చట్టం మాటలు చాలు. మనుషుల మాట చెబుతాం. పేర్లు చెప్పం.

మన పక్క వాడలో ఒక చెల్లెలు, 29 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ కూడా అయింది. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోతుంది, అదీ చిన్న వయసులోనే. దాంతో "పిల్లలు అయిపోయారుగా, ఇంక ఆ సంచితో పనేముంది" అనే మాట డాక్టరుకూ సులువైపోయింది, మనకూ సులువైపోయింది. ఈ చెల్లెలికి తెల్లబట్ట, నడుం నొప్పి. టౌనులో కేన్సరు మాట చెప్పారు, సోమవారానికి రమ్మన్నారు. ఆదివారం నాడు పిల్లల్ని మా దగ్గర ఉంచడానికొచ్చి ఏడ్చింది. తారీకు వాయిదా వేయించి, ఆ స్కానింగ్ కాయితంతో గుంటూరు జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఓపీ వరసలో నిలబడ్డాం, అది నిజం, కాళ్ళు పీకాయి. కానీ అక్కడి డాక్టరమ్మ బల్లమీద పడుకోబెట్టి చూసింది. సంచి మూతి దగ్గర నుంచి పరీక్షకు తీసింది. ఫలితం వచ్చాక కేన్సరు లేదంది, క్రిములు చేరాయంది, మాత్రలిచ్చింది, మొగుణ్ణి కూడా పిలిచి అవే మాత్రలు మింగమంది. సంచి తీసేసి ఉంటే మొగుడి దగ్గరున్న క్రిములు ఎక్కడికి పోయేవి చెప్పండి! నెల తిరిగేసరికి ఆ పిల్ల మిరపకాయలు కోస్తోంది.

ఇంకొక అక్క సంగతి వేరు. 31 ఏళ్ళకు తీయించుకుంది. ఏడేళ్ళయ్యాక బోరింగు దగ్గర జారి పడితే మణికట్టు విరిగింది. ఒంట్లో సెగలు, నిద్ర లేదు, కీళ్ళ నొప్పులు, అప్పటికే ముసలిదైనట్టు ఉంది. పాత కాయితాలు తెమ్మన్నాం. ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జి కాయితం తీసుకొచ్చింది. అందులో ఇంగ్లీషు పొడి అక్షరాలు, టీఏహెచ్, బీఎస్ఓ అని. మాకూ తెలియక ఒక డాక్టరును అడిగాం. మొదటిదంటే పొట్ట కోసి సంచి తీశారని. రెండోదంటే రెండు అండాశయాలూ తీసేశారని. ఒంట్లో ముట్టును, ఎముకల బలాన్ని, గుండెను కాపాడే హార్మోన్లు తయారయ్యేది వాటిలోనే. చిన్న వయసులో అవి పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బుకు దారి పడుతుంది. సంచి ఒక్కటే తీసినా అండాశయాలు ముందే అలిసిపోవచ్చు. తన ఒంట్లోంచి ఏమేం తీశారో ఆ అక్కకు ఏడేళ్ళు తెలియదు. మేం చెబితే తెలిసింది. చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆమె ఎముకల మందులు వాడుతోంది.

మూడో సంగతి చెప్పకపోతే మీరు పొరపాటు పడతారు. ఒక పిన్ని, 53 ఏళ్ళు, ముట్టు ఆగిపోయి మూడేళ్ళయింది. మళ్ళీ ఎర్రబట్ట కనిపించింది. ఆర్.ఎం.పి. నీరసం అన్నాడు, ఒక డాక్టరు బలం మాత్రలు రాశాడు. మేం ఊరుకోనివ్వలేదు. రెండో చోట ముక్క పరీక్ష చేశారు, కేన్సరు మొదట్లో ఉందన్నారు. సంచి తీశారు. బతికింది, ఇదిగో ఈ సభలోనే ఎక్కడో కూర్చుంది. రెండో డాక్టరు దగ్గరికి పోవడమంటే ఆపరేషన్ తప్పించుకోవడం అనుకోవద్దు. నిజం తెలుసుకోవడానికి పోతున్నాం. ముట్టు ఆగినాక రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా దాచిపెట్టుకోవద్దు తల్లీ.

సంచిని ఎప్పుడు తీయాలి, ఎప్పుడు తీయక్కరలేదు అన్నది మేం తేల్చేది కాదు. మేం తెలుసుకున్నంత చెబుతాం. తెల్లబట్ట చాలామందిలో మందులతో పోతుంది. స్కానింగ్‌లో కనిపించే ఫైబ్రాయిడ్ గడ్డలు దాదాపు ఎప్పుడూ కేన్సరు కావు, బాధ పెట్టకపోతే కనిపెట్టుకుని ఉంటే చాలు, ముట్టు ఆగాక చాలావరకు అవే కుంచించుకుపోతాయి. మూతి ఎర్రగా ఉందన్నది చాలామందిలో జబ్బే కాదు, కానీ పరీక్ష చేయించుకోవాలి. ముట్టు ఎక్కువైతే ముందు రక్తం శాతం, థైరాయిడ్ చూడాలి, కాపర్ టీ ఉంటే అదీ చెప్పాలి. రక్తం తగ్గించే మాత్రలున్నాయి, హార్మోను లూపు ఉంది. ఇవన్నీ వాడినా తగ్గనప్పుడు, సంచి బయటికి జారినప్పుడు, కేన్సరు తేలినప్పుడు ఆపరేషనే మందు. అప్పుడు భయపడి ఆగడం కూడా ప్రమాదమే.

రెండో డాక్టరు అంటే ఎవరు? మొదటి డాక్టరు పంపిన డాక్టరు కాదు. అదే ఆర్.ఎం.పి. తీసుకుపోయే ఇంకో నర్సింగ్ హోమూ కాదు, అక్కడా కమీషన్ ఉంటుంది. ఆపరేషన్ చేస్తే వచ్చే డబ్బుతో సంబంధం లేని మనిషి కావాలి. అందుకే పెద్ద సర్కారు ఆసుపత్రి ఆడవాళ్ళ ఓపీకి పొమ్మంటున్నాం. గుంటూరు ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. అక్కడ చూసిన డాక్టరే "సాయంత్రం మా నర్సింగ్ హోంకి రామ్మా" అంటే అది రెండో మాట కాదు, ఇంకోచోటికి పదండి. అంతదూరం వెంటనే పోలేకపోతే మన ఆరోగ్య కేంద్రంలో ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడించమని ఏ.ఎన్.ఎం.ను అడగొచ్చు. కానీ ఫోనులో పొట్ట నొక్కి చూడలేరు, అది మొదటి మెట్టే.

రిపోర్టులన్నీ చూపించండి. కానీ పోగానే "సంచి తీయాలన్నారండీ" అనొద్దు. ఒకరు తీయాలన్నారని తెలిస్తే ఇంకొకరి కళ్ళు కూడా అటే పోతాయి. ముందు బాధ చెప్పండి, పరీక్ష చెయ్యనివ్వండి. తర్వాత అడగండి: నా జబ్బు పేరేంటి, కాయితం మీద రాయండి. మందులతో చూశాకే కోత అంటున్నారా? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? తీస్తే అండాశయాలు ఉంచుతారా? తీసినదాన్ని ముక్క పరీక్షకు పంపుతారా? చదువుకున్న పిల్లనొకదాన్ని వెంట పెట్టుకుని పోండి, చెప్పింది రాసుకుంటుంది. పదో తరగతి చదివే ఆడపిల్లలు మన వాడలో ఎంతమంది లేరు! పాఠం ఒప్పజెప్పడానికేనా చదువు?

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే? మెత్తగా చెప్పిన మాట నిజమని నమ్మొద్దు, ఖరీదైన మాట నిజమనీ నమ్మొద్దు. ఎందుకు అని ఎవరు విడమరచి చెప్పారో చూడండి. తేలకపోతే మూడో చోటు.

డాక్టరుకు కోపం వస్తుందంటారు. రానివ్వండి. మా బడిలో ఒక పిల్ల మేం చేసిన లెక్కను పక్క సెక్షను సారు దగ్గర సరిచూసుకొస్తే మాకూ ముక్కుమీద కోపం వస్తుంది. కానీ లెక్క కరెక్టయితే మాకు పోయేదేముంది?

ఇంకొక్కటి. గుండె నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, పాము కాటు, ప్రసవంలో రక్తం ఆగకపోవడం, ఇలాంటప్పుడు రెండో డాక్టరు, మూడో డాక్టరు అని తిరగొద్దు. 108కి ఫోను చేసి దగ్గరి పెద్దాసుపత్రికి పోవాల్సిందే. రెండో మాట తారీకు వేసి చేసే ఆపరేషన్లకు. సంచి, మోకాలు, వెన్నుపూస, ఇట్లాంటివాటికి. వారం పది రోజులు ఆగే తీరిక ఉందా అని మొదటి డాక్టరునే అడగండి. ఉందంటే ఆ వారం మనది.

గుంటూరు పోయి రావాలంటే దారి ఖర్చులు, రెండు రోజుల కూలి పోతుంది. మాకు తెలుసు. అందుకే సంఘం తరఫున డబ్బా ఒకటి పెడుతున్నాం, జీతాలొచ్చేవాళ్ళం మేం ముందు వేస్తాం. అన్నలు ఒక్క ఆదివారం సీసా మానేస్తే ఇద్దరు ఆడవాళ్ళ దారి ఖర్చు. నవ్వొద్దు, లెక్క చెబుతున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి బడి వరండాలో కూర్చుంటాం. ఇళ్ళల్లో పెట్టెల్లో ఉన్న స్కానింగులు, చీటీలు, డిశ్చార్జి కాయితాలు, చిరిగినవైనా సరే తీసుకురండి. చదివి ఏముందో తెలుగులో రాసిస్తాం. కాయితాలు ఇవ్వని ఆసుపత్రికి రాయాల్సిన అర్జీ నమూనా కూడా తయారుగా ఉంటుంది. ఎవరికైనా ఈ నెలలో ఆపరేషన్‌కు తారీకు వేసి ఉంటే ఆదివారం దాకా ఆగొద్దు, ఈ సభ అయ్యాక పక్కకు వచ్చి చెప్పండి. రేపు పొద్దున ఆరింటి బస్సుకు మాలో ఇద్దరు తోడొస్తాం.

జై భీమ్.